పది అడుగుల ముందు

మా ఆయన దివాకర్‌కి నలభై ఎనిమిదేళ్లు. మొన్న మే నెలలో, డల్లాస్ పక్కనే మేముండే కాపెల్‌లో మన తెలుగువాళ్ల పిక్నిక్‌లో, రెండు ప్లేట్ల బిర్యానీ తిని ఎమ్మెస్ కుర్రాళ్లతో వాలీబాల్‌కి దిగారు.

"ముందు కాస్త కాళ్లు సాగదీయండి," అన్నాను.

"నువ్వా నాకు చెప్పేది?" అన్నారు.

మొదటి స్మాష్‌కే మడమ వెనక నరం పుటుక్కున తెగింది.

ఆపరేషన్ అయ్యాక, రోజూ అరగంట నడవమనీ, స్పీడ్ పెంచితే మళ్లీ తెగుతుందనీ ఫిజియోథెరపిస్ట్ చెప్పింది. అప్పటినుంచి పొద్దున్నే నేనే ఆయన్ని లేపి, షూ తొడిగి, పార్కుకి తీసుకెళ్తున్నాను. "ఉమ లాంటి భార్య దొరకాలంటే పెట్టి పుట్టాలి," అంటున్నారు వాకింగ్‌కొచ్చే మనవాళ్లు.

ఇవాళ రెండో రౌండ్‌లో ఆయన చేతికర్ర మీద వాలి పిలిచారు.

"ఉమా, కాస్త ఆగవే. కాలు లాగేస్తోంది."

ఈ మాట వినాలనే, మూడు నెలలుగా రోజూ ఆయనకన్నా పది అడుగులు ముందు నడుస్తున్నాను.

పదహారేళ్ల కిందట ఆయన వెంట మొదటిసారి డల్లాస్‌లో దిగినప్పుడు నాకు ఏడో నెల. కాళ్లు వాచిపోయి, రెండు సూట్‌కేసులు లాక్కుంటూ, ఎయిర్‌పోర్ట్‌లో నేనూ ఇలాగే పిలిచాను. ముందు నడుస్తున్న మనిషి మెడ కూడా తిప్పలేదు.

ఇవాళ నేనూ తిప్పలేదు. ఆ రోజు ఆయన నాకిచ్చిన జవాబే, కాస్త మర్యాద కలిపి, తిరిగిచ్చేశాను.

"అమెరికాలో ఎవరూ ఎవరికోసం ఆగరండీ. స్పీడ్ పెంచండి."