వైఫై డబ్బా

భూమేష్ కొట్టిన దెబ్బకు స్నేహలత పెదవి చిట్లింది. భార్య హాల్లో కెమెరా పెట్టించిన సంగతి అతనికి ఆ తర్వాత గుర్తొచ్చింది. వైఫై డబ్బాను గోడ మీంచి పీకి, రోకలితో శ్రద్ధగా పొడి చేశాడు.

"ఇగ రేపు ఎడపల్లి పెద్దమనుషుల ముందట ఏం సూపిస్తవో సూపియ్యి."

స్నేహలత కొంగుతో నెత్తురు తుడుచుకుంది. "గా కెమెరా వైఫైతోని నడవది. వైరుతోని నడుస్తది."

"వైరు యాడికి పోయింది?"

"గోడకు బొక్క కొట్టిచ్చిన. పక్కింటి మాసూమక్క టీవీకి పోయింది."

ఆమె నెత్తి మీదికి లేచిన రోకలి అక్కడే ఆగింది. గోడ అవతలి నుంచి మాసూమా పిలిచింది.

"భూమేశన్నా, రోకలి కింద పెట్టు. మీ అవ్వ సీరియల్ బంద్ పెట్టిచ్చి నిన్నే చూస్తున్నది. రేపు సాక్ష్యం తనే చెప్తదట."