లోపలినుంచి తిరిగిన స్క్రూ

మునీశ్వరి ఆరు నెలలు కష్టపడి స్టూడియో స్పీకరు ఒకటి తయారుచేసింది. ప్లైవుడ్డు కోసి పెట్టె తానే అతికించింది. ఆంప్లిఫయరు కూడా అందులోనే బిగించింది. "ఆడమనిషి చేసిన డబ్బాలో పాటేం పలుకుతాదిలే!" అని మదనపల్లె రికార్డింగు స్టూడియోలో నవ్వినారు. రేపు వాళ్ల ముందరే దాన్ని పలికించాల.

సోమల ఊరి దగ్గర, పట్టుపురుగులు మేపడం మానేసిన పాత షెడ్డులో, ఊరు సద్దుమణిగినాక చివరిసారి విని చూసింది. పాట తేటగా పలికింది. తృప్తిగా స్విచ్చి ఆపి ప్లగ్గు పీకేసింది.

స్పీకరులో ఎవరో ఊపిరి తీసుకుంటాండారు.

వైర్లన్నీ తడిమి చూసింది. దేనికీ కరెంటు లేదు. ఊపిరి మాత్రం ఆగలేదు.

"మూత తియ్యమ్మా," అనింది లోపలి గొంతు, మెల్లగా.

మునీశ్వరి రెండడుగులు వాకిలి వైపు వేసింది. అంతలోనే నవ్విన మొహాలు గుర్తొచ్చి వెనక్కి తిరిగింది.

"యాల తియ్యాల? ఇది నేను చేసిన పెట్టె. ఈడ నేను పెట్టిందే పలకాల!"

కిర్రుమంటూ మూతకున్న నాలుగు స్క్రూల్లో ఒకటి దానంతటదే తిరిగి పైకి లేచింది. ఆమె స్క్రూడ్రైవరు తీసుకుని బిగించింది. పక్కది లేచింది. దాన్నీ బిగించింది.

ఈసారి నాలుగూ ఒక్కసారే కదిలినాయి.

మునీశ్వరి పెట్టెను ఒళ్లోకి లాక్కుని, రెండు అరచేతులతో స్క్రూలను అదిమిపట్టింది.

"తెల్లారేదాకా ఈడే ఉంటా. ఎవరు ముందు అలిసిపోతారో సూద్దాం!"

అరచేతుల కింద స్క్రూలు మెల్లగా తిరగసాగినాయి. ఆమె చేతులు తియ్యలేదు.