ఏనుగు కన్ను

ఆ రోజుల్లో లోటు అనేదే ఎవరి కంటికీ కనబడేది కాదు. అందరూ పెట్టుకునే కళ్లజోడు పెచ్చులూడిన గోడకు సున్నం వేసి, వెలిసిన చీరకు రంగు అద్ది మరీ చూపించేది. అందుకే మ్యూజియం అధికారి విద్యాధర్, బల్ల మీదున్న పాత సంస్థానపు రాజచిహ్నాన్ని చూసి విసుక్కున్నాడు. కాగితం మీద కత్తికి అటూ ఇటూ రెండు ఏనుగులు, నిన్ననే వేసినట్టు నిగనిగలాడుతున్నాయి. దీనికి మరమ్మతు ఒకటా? ఆ మరమ్మతు గది మూయించేద్దామనే వచ్చాడు. ఉక్కపోస్తుంటే ఫ్యాన్ స్విచ్ నొక్కాడు.

“బంద్ చెయ్యుండ్రి సార్!” మరమ్మతు చేస్తున్న రాజమణి బొమ్మకు రెండు చేతులూ అడ్డం పెట్టింది. “ముందుగాల ఆ కండ్లజోడు తీసి చూడుండ్రి.”

ఫ్యాన్ ఆపి, కళ్లజోడు తీశాడు. కాగితం ఎండుటాకులా ఉంది. రంగు పొలుసులుగా లేచి, ఊపిరి తగిలినా రాలేలా ఉంది. సన్నటి కుంచెతో ఒక్కో పొలుసు కిందా జిగురు పెట్టి, సగం బొమ్మను ఆమె అప్పటికే నిలబెట్టింది. ఎవరికీ కనబడదని తెలిసీ చేసిన పని అది.

“మొత్తం రాలిపోయినా ఆ జోడుల మీకు ఏనుగులే కనబడ్తయి సార్.”

“ఈ ఏనుగుకు కన్నేదీ?”

“మీ అంగీ మీద పడ్డది. కదలకుండ్రి.”

ఆవగింజలో సగం లేని నల్లటి పొలుసును ఆమె తడి కుంచె కొనతో ఎత్తింది. విద్యాధర్ బిగుసుకుపోయి నిలబడ్డాడు.

“ఊపిరి పీల్చుకోవచ్చా అమ్మా?” పెదవులు కదపకుండా అడిగాడు.

“అతికినంక.”