చివరి రెండు ప్రశ్నలు

“ఎవరైనా ఎత్తుతరా లేదా చూద్దామని జేసిన,” అంది ఫోన్‌లో ఆడగొంతు. “ఎత్తిన్రు. సాలు. ఇగ పెట్టేస్త.”

“పెట్టకండి!” రహీల్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. “యాడున్నరక్కా?”

“శామీర్‌పేట చెరువు కాడ. ఇగ బతకబుద్ధి అయితలేదు.”

మేడ్చల్ బస్ డిపో వెనకున్న ఆ సలహా కేంద్రంలో ఆ మధ్యాహ్నం రహీల్ తప్ప ఇంకో మనిషి లేడు. రోజూ ఫోన్లు ఎత్తే కౌన్సెలర్ రేచల్ నాలుగు రోజులుగా సెలవు. అతనింకా ఆమె ముఖమైనా చూడలేదు. అసలు అతను వచ్చింది పరిశోధనకు. సైకాలజీ చదివినవాళ్లలో కొందరు పరిశోధకులవుతారు, కొందరు జనం మధ్య కూర్చుని కౌన్సెలింగ్ చేస్తారు. వీళ్ల స్వభావాల్లో, ఇష్టాల్లో తేడా ఏమిటన్నది అతని పీహెచ్‌డీ. తన ప్రశ్నాపత్రం తానే నింపి చూసుకుంటే అంకెలంటే ప్రాణం, మనుషులంటే బెదురు అని తేలింది. “ఓ నెల మనుషుల మొహాలు చూసి రావయ్యా” అని గైడ్ ఇక్కడికి పంపారు.

ఓదార్చడం గురించి లావుపాటి పుస్తకాలే చదివాడు. ఒక్క ముక్క గుర్తొస్తే ఒట్టు. తన మొబైల్ తీసి, శామీర్‌పేటలో టైర్ల షాపు నడిపే స్నేహితుడు ఖైసర్‌కి మెసేజ్ కొట్టాడు: ‘చెరువు కాడికి ఉరుకు. ఆడమనిషి ఒంటరిగ ఉంది.’ తర్వాత ఏం మాట్లాడాలో తోచక బల్ల మీది ప్రశ్నాపత్రాన్నే దగ్గరికి లాక్కున్నాడు.

“అక్కా, నలభై ప్రశ్నలున్నయి. నచ్చకుంటే ఒకటి, మస్తు నచ్చితే ఐదు. గంతే చెప్పాలె.”

“సచ్చేదానికి పరీక్ష పెడ్తవా?”

“నా పీహెచ్‌డీ ఆగిపోయిందక్కా. దండం పెడ్త.”

ఆమె నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. “ముందుగాల పేరడగాలె గద?”

“పేరు, పని ఆఖర్న. ముందే అడిగితే జవాబులు మారిపోతయి. మా పద్ధతి గంతే. ఒకటో ప్రశ్న. వేరేటోళ్ల కష్టాలు వినుడు ఇష్టమా?”

“ఒకప్పుడు ఐదు. ఇప్పుడు ఒకటి.”

“ఎందుకట్ల?” అది పత్రంలో లేని ప్రశ్న. ఎలా అడిగాడో అతనికే తెలియదు.

“పొద్దుగాల నుంచి అందరి ఏడుపు నేనే వినాలె. అందరికి నేనే ధైర్యం జెప్పాలె. మొన్న ఒక పిల్ల, బిడ్డ అసొంటిది, నాతోని మంచిగ మాట్లాడి పోయింది. తెల్లారేసరికి లేదు. నాకు సమజ్ గాలే తమ్మీ. నేను తిన్ననా, పన్ననా అని అడిగేటోళ్లు ఒక్కలు లేరు.”

పెద్ద సంసారం, ఇల్లంతా మోసే పెద్ద కోడలు కాబోలు అనుకున్నాడు రహీల్. రెండో ప్రశ్న అడిగాడు, మూడోది అడిగాడు. ఆపితే ఆమె ఫోన్ పెట్టేస్తుందేమోనని గుక్క తిప్పుకోకుండా అడుగుతూనే ఉన్నాడు. అంత భయం అతను జన్మలో ఎరగడు.

“పందొమ్మిది. ఒక్కరే కూసొని లెక్కలు చేసుకునుడు?”

“నాకు లెక్కలు రావు తమ్మీ.”

“నాకు మనుషులు రారక్కా.”

ఈసారి ఆమె నిజంగానే నవ్వింది.

ముప్పై మూడో ప్రశ్నకు జవాబు రాలేదు. గాలి హోరు తప్ప ఏమీ వినిపించలేదు. “అక్కా! అక్కా!” అని అరిచాడు.

“ఉన్న. నడుస్తున్న. అడుగు.”

ముప్పై ఎనిమిదికి వచ్చేసరికి ఖైసర్ మెసేజ్ వచ్చింది: ‘గట్టు దిగి రోడ్డు మీద హోటల్ల కూసుంది. ఛాయ్ చెప్పింది. పక్క టేబుల్ల నేనున్న.’

అంకెల మనిషి బల్ల మీద తలవాల్చి వెక్కి వెక్కి ఏడ్చాడు.

“ఏడ్వకు తమ్మీ,” అందామె మెల్లగా. “ఊపిరి నిమ్మళంగ తీస్కో. నేను యాడికి పోను. ఇంకేం మిగిలినయి?”

“పేరు...” అతను కళ్లు తుడుచుకున్నాడు. “చేసే పని.”

ఆమె ఛాయ్ గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది.

“నువ్వు గూసున్న కుర్చీ నాదే తమ్మీ.”