ఒడ్డు మీది తనిఖీ

చెరువు బడికి పెద్ద కోడిపుంజు. ఆయన తనిఖీకి వచ్చాడంటే బాతుపిల్లలన్నీ నీళ్లు వదిలేసి ఒడ్డున బారులు తీరాలి. ఆ పూటకి ఈత బంద్. ఈత నేర్పే పడుచు బాతు కలువకు ఇది చూసీ చూసీ ఒళ్లు మండిపోయింది. వానమబ్బులు పట్టేశాయి. చెరువులో కలిసే వాగు పొంగితే ఈత రాని పిల్ల కొట్టుకుపోతుంది. పిల్లలందరిలోకీ చిన్నది, బుడిగి అయితే ఇంకా ఉన్నచోటే గిరగిరా తిరుగుతోంది.

అందుకే ఆ రోజు పుంజు ఎంత కూసినా కలువ పిల్లల్ని నీళ్లలోంచి కదలనివ్వలేదు.

"ఏమమ్మా, వరస ఏదీ? ఉద్యోగం మీద ఆశ లేదా?" అని పుంజు తురాయి ఎగరేశాడు.

"ఉందండీ, అందుకే పాఠం ఆపను. నా పాఠం నీళ్లలో ఉంది. చూడాలనుంటే కాళ్లు తడుపుకోండి. లేదంటే ఇంకో బాతును వెతుక్కోండి."

పిల్లలు కిసుక్కుమన్నాయి. ఇక పరువు కోసమైనా పుంజు నీళ్లలోకి దిగక తప్పలేదు. ఈకలు ముడుచుకుని, మెడ వంచి చాలాసేపు చూశాడు.

"ఈ బుడిగి ఎడమకాలు ఆడించడం లేదేం?" అన్నాడు మెల్లగా.

పక్కనే ఈదుతున్న కలువకు అప్పటిదాకా ఆ సంగతి తట్టనేలేదు. అయినా తల దించలేదు.

"ఇన్నాళ్లకి పాఠం గురించి అడిగారు. రేపట్నుంచి కూడా ఇక్కడే నిలబడి అడగండి," అంది, బుడిగి ఎడమకాలికి తన రెక్క ఆనిస్తూ.