మోకాళ్ల పీట

“నేల కడగమంటే కడుగుతావు, అద్దాలు తుడవమంటే తుడుస్తావు. మందిరంలో లేచి నాలుగు మాటలు చెప్పమంటే మాత్రం నీకు తలనొప్పి వచ్చేస్తుంది. అంతేనా అమ్మా?”

కూతురు తల్లి చీర ఇస్త్రీ చేస్తూనే అడిగింది. పొద్దుట్నుంచీ ఇదే గొడవ.

“ఆ చీర వద్దన్నాను.”

“నేనడిగింది చీర గురించి కాదు.”

తల్లి తల వంచుకుని చిక్కుడుకాయలు వలుస్తోంది.

“ఏమ్మోయ్ కోడలా, ఈనెలు గిన్నెలో వేసి కాయలు చెత్తలో పారేస్తున్నావు. మా అందరిచేతా ఈనెలు తినిపిస్తావా ఏంటి?” అంది అత్తగారు మంచం మీద నుంచి.

ఆమె ఉలిక్కిపడి చెత్తబుట్టలోంచి కాయలు ఏరుకోసాగింది.

వాళ్లు వెళ్లే ప్రార్థనామందిరంలో ఒక పద్ధతి ఉంది. కోరిక నెరవేరినవాళ్లు నలుగురి ముందు లేచి, ముందుగా తాము దేవుణ్ణి ఏమడిగారో, ఆ తర్వాత ఏం దొరికిందో చెప్పాలి. అడిగింది అడిగినట్టే చెప్పాలి, ఒక్క ముక్క అటూ ఇటూ చేయకూడదు. రేపు ఆమె వంతు. మందిరం పెద్దాయన స్వయంగా ఇంటికొచ్చి మరీ చెప్పి వెళ్లాడు.

పక్షవాతంతో కుడిపక్క పడిపోయి, మాట కూడా పోయిన, వడ్రంగి పనిచేసే ఆమె భర్త మళ్లీ లేచి నడిచాడంటే అదంతా ఆ ఇల్లాలి ప్రార్థన చలవేనని వీధి వీధంతా అంటోంది. మంచానపడ్డ మనిషిని ఒంటిచేత్తో పక్కకు తిప్పడం, దుప్పట్లు ఉతకడం, గుక్కెడు నీళ్లయినా చెంచాతో పట్టడం, అన్నీ తనే చేసింది. చీకటి పడే వేళకి నడుము నిలిచేది కాదు. అయినా మంచం పక్కన మోకరిల్లి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏదో గొణుక్కునేది. కిటికీలోంచి అది చూడనివాళ్లు లేరు.

“పక్కింటావిడ ఏమందో తెలుసా?” అంది అత్తగారు. “మీ కోడలు దేవుడి మెడలు వంచి మరీ మీ అబ్బాయిని తెచ్చుకుంది అంది.”

“నా ప్రార్థన వల్ల లేవలేదు అత్తయ్యా.”

“విన్నావుటే మనవరాలా? భక్తంటే అదీ! అదే నేనైతేనా, ఈపాటికి వీధిలోకెళ్లి డప్పు కొట్టుకునేదాన్ని.”

“నువ్వు ఊరికే మాట్లాడినా డప్పు కొట్టినట్టే ఉంటుంది నాయనమ్మా.”

అత్తగారు పకపకా నవ్వింది. కోడలికి మాత్రం నవ్వు రాలేదు. భర్త లేచి నడిచిన రోజు నుంచీ ఆమె అతని కళ్లలోకి సూటిగా చూడలేకపోతోంది. అన్నం ముందు అతనికే పెడుతుంది, మెత్తటి దిండు అతనికే వేస్తుంది, పిలవగానే పరుగెత్తుకొస్తుంది. చూపు మాత్రం నేల మీదే ఉంటుంది.

కష్టాలేమీ తీరిపోలేదు. అతని కుడిచేతికి ఇంకా పట్టు చిక్కలేదు. దుకాణం తలుపులు మూసే ఉన్నాయి. కూతురు చదువు మానేసి బట్టల కొట్లో పనికి కుదిరింది. అయినా ఇంట్లో పండగలా ఉంది, ఒక్క ఆమెకి తప్ప.

పెరట్లోంచి చెక్క చిత్రిక పట్టే చప్పుడు వస్తోంది. కాసేపు ఆగుతోంది, మళ్లీ మొదలవుతోంది.

“నాన్న ఏం చేస్తున్నాడో! ఈమధ్య అటువైపు ఎవర్నీ రానివ్వడం లేదు” అంది కూతురు.

చప్పుడు ఆగింది. అతను కాలు ఈడ్చుకుంటూ లోపలికి వచ్చాడు. చంకలో ఇరికించుకొచ్చిన దాన్ని తెచ్చి భార్య ముందు పెట్టాడు. పొట్టి కాళ్ల పీట. పైన దూది కూరి, అతని పాత చొక్కా గుడ్డతో కుట్టిన మెత్త. కుట్లు పెద్దవిగా, అడ్డదిడ్డంగా ఉన్నాయి.

“ఏంటిది నాన్నా?”

“మోకాళ్ల... పీట.” మాటలు ఒక్కొక్కటే పేర్చినట్టు వచ్చాయి. “మీ అమ్మకి. మందిరంలో... నేల గట్టి.”

“ఓ పక్క ఒరిగిపోతోంది చూడు. ఇంత పేరున్న వడ్రంగివి, వంకర పీట చేశావేంటి?”

“ఎడమచేయి... పనికి కొత్త. దాన్ని... తిట్టకు.”

తర్వాత భార్య వైపు తిరిగాడు. “నాకోసం... ఎన్నిసార్లు మోకరిల్లావో. నోరు పోయింది గానీ... కళ్లున్నాయిగా. చూసేవాణ్ణి.”

అత్తగారు కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

కోడలు ఆ మెత్త మీద చేయి వేసింది. ఒక్కో కుట్టునీ వేలితో తడుముతూ చివరిదాకా వెళ్లింది. గిన్నె పక్కకు జరిపి లేచి నిలబడింది.

“ఆ చీరే కట్టుకుంటాను. రేపు లేచి చెప్తాను.”

“అమ్మయ్య!” అంది కూతురు.

“కానీ ముందు మీకు చెప్పాలి.” గొంతు చిన్నగానే ఉంది. “రేపట్నుంచి రోజూ పొద్దున్నే మందిరానికి వెళ్తాను. ఓపికున్నంత కాలం అక్కడ ఊడుస్తాను, కడుగుతాను. ఇంటిపని వెళ్లేముందే చేసిపెడతాను. దుకాణం తెరిచినా తెరవకపోయినా, ఈయన చేయి బాగైనా కాకపోయినా, ఇక దేవుణ్ణి ఇది కావాలి అని అడగను. ఏది ఇవ్వాలో ఏది ఇవ్వకూడదో ఆయనకే తెలుసు. ఆయన్ని నమ్ముకుని బతుకుతాను.”

“తెలియకేం! నువ్వడిగింది ఇచ్చాడుగా!”

“ఇవ్వలేదు అత్తయ్యా.”

కూతురి చేతిలో ఇస్త్రీపెట్టె ఆగిపోయింది. ఇన్నాళ్లకి ఆమె భర్త కళ్లలోకి చూసింది.

“ఈయన్ని తీసుకుపొమ్మని అడిగాను.”