రాళ్ళదీవికి దొర లేడు

సముద్రం ఊరిని మింగేశాక, బెస్తవాళ్ళు పడవల మీద రాళ్ళు తెచ్చి నీళ్ళలో పోసి, ఆ మేట మీద ఇళ్ళు కట్టుకున్నారు. అదే రాళ్ళదీవి. బడిలో పాఠాలు చెప్పే యంత్రానికి మాత్రం పాత చరిత్ర లేని దీవి కంటికి ఆనలేదు. యాత్రికులు ముచ్చటపడతారని, రెండు వందల ఏళ్ళ కిందట దీవిని కట్టించి ఏలిన బార్లో అనే దొరనొకణ్ణి పుట్టించింది.

"మన దీవిని కట్టిందెవరు?" అన్న పరీక్ష ప్రశ్నకు ఆ బడిలో చదివే తరంగిణి "మా నానమ్మ" అని రాసింది. యంత్రం సున్నా వేసింది. పిల్ల ఏడుస్తూ ఇంటికొచ్చింది.

నానమ్మ ఎర్లమ్మ చేపలబుట్ట దింపి, కొంగు దోపుకుని, మనవరాలి చెయ్యి పట్టుకుని తిన్నగా బడికి నడిచింది. గోడలోంచి మాట్లాడే యంత్రం ఎదుట నిలబడింది.

"ఆ దొర నిలబడ్డ సోటేదో సూపించు. నాను పెళ్ళై వొచ్చినప్పుడు ఇక్కడ అన్నీ నీళ్ళే. రాళ్ళెత్తి ఎత్తి నా బుజం ఇలగ వొంగిపోనాది."

"ఆ సంగతి నాకెవరూ చెప్పలేదండీ," అంది యంత్రం.

"ఇప్పుడు నాను సెప్తన్నాను. ఇనుకో."

పొద్దు వాలేదాకా చెప్పింది. రాళ్ళ బరువుకి మునిగిన పడవ గురించి, అందులో పోయిన తన మొగుడి గురించి కూడా చెప్పింది. పిల్లలెవరూ ఇంటికి కదల్లేదు. బడి చూసుకునే మాస్టారు ఆమెకు కుర్చీ తెచ్చి వేశారు.

యంత్రం దొర పాఠం తీసేసి, తరంగిణికి మార్కులు వేసింది. ఒక్క అనుమానం మాత్రం దానికి తీరలేదు.

"మరి అప్పట్లో మిమ్మల్ని ఏలిందెవరండీ?"

ఎర్లమ్మ పకపకా నవ్వింది.

"ఏలడానికి కాళీ ఎవులికుంది బావూ? అందరం రాళ్ళు మోస్తన్నాం కదా!"